తీరాన తవ్వకాల చరిత్ర – 7: బావిని పట్టి ఉంచే బురద

మనుబోలు నుంచి నాలుగు దిక్కులా ఎంత దూరం చూసినా ఒక్క ఆయిల్ రిగ్గు కనపడదు. వరి మళ్లు, చెరువులు, ఊరి పక్కగా జాతీయ రహదారి, గూడూరు–నెల్లూరు రైలు పట్టాలు, తూర్పున కృష్ణపట్నం రేవు. చమురు కథ కావాలంటే కోనసీమకో కాకినాడకో పోవాలిగానీ ఇక్కడేముంది అనిపిస్తుంది. అయితే ఊరికి దక్షిణంగా, పడమరగా గూడూరు, సైదాపురం వైపు అభ్రకం గనులున్నాయి. వెలిగొండలు దాటి ఇంకా పడమరకు పోతే మంగంపేట ముగ్గురాయి గనులున్నాయి. ఈ రెండు రాళ్లూ పొడి అయి, సంచుల్లో, ఓడల్లో ప్రపంచం నలుమూలలా చమురు బావుల దగ్గరికి చేరతాయి. అక్కడ వాటికి పడే పని చిన్నదేమీ కాదు. బావి పేలిపోకుండా ఆపడమే వాటి పని.

గత సంచికలో సముద్రం మీద నిలబడి తవ్వే వేదికలు ఎలా పుట్టాయో చూశాం. 1947లో లూసియానా తీరం కనుచూపు దాటాక కెర్-మెక్‌గీ కంపెనీ వేసిన బావి దగ్గర మొదలుపెట్టి, 1974లో ‘సాగర్ సమ్రాట్’ బొంబాయి హైలో చమురు కనుక్కునే దాకా వచ్చాం. వేదిక ఎంత గట్టిదైనా అది సగం సంగతే. మిగతా సగం బావి లోపల ఉంది. ఈ వారం ఆ లోపలి సంగతి.

నీళ్లతో మొదలు

పాతకాలపు తవ్వకం కొట్టుడు తవ్వకం. బరువైన ఉలిని తాడుకు కట్టి పైకెత్తడం, వదిలేయడం. రాయి కొంత నలిగాక ఉలిని బయటికి లాగి, ఆ పొడిని చేదతో తోడిపోసి, మళ్లీ ఉలి దించడం. సగం కాలం తోడటానికే సరిపోయేది. 1845లో ఫ్రాన్సులోని పెర్పిన్యాన్‌లో నీటి బావి తవ్విన ఇంజనీరు ఫావెల్ బోలు గొట్టాల గుండా నీళ్లు లోపలికి కొట్టాడు. ఆ నీళ్లు నలిగిన రాతిని వెంటబెట్టుకుని పైకి తేలాయి. పని ఆగకుండానే బావి శుభ్రమవడం మొదలైంది. మన ఊళ్లలో బోరు బండి గాలితో పొడిని పైకి ఊదుతుందే, చమురు బావిలో ఆ పని ద్రవం చేస్తుంది.

ఆ ద్రవం నీరుగా ఉన్నంతకాలం ఒక చిక్కు తీరలేదు. ఇసుక పొర తగిలితే గోడలు కూలిపోయేవి. అమెరికాలో టెక్సస్ రాష్ట్రం, బోమాంట్ పక్కన స్పిండిల్‌టాప్ దిబ్బ మీద హామిల్ సోదరులు తవ్వుతున్నప్పుడు ఎదురైందీ ఇదే. నీటి గుంటలోకి పశువులను తోలి, తొక్కించి, ఆ బురదనే బావిలోకి పంపు చేశారని అక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. బురద బావి గోడకు పూతలా అంటుకుంది. ఇసుక నిలబడింది. బావి వెయ్యి అడుగులు దాటాక, 1901 జనవరి 10న, లోపలి గొట్టాలను కూడా విసిరేస్తూ చమురు ఆకాశానికి చిమ్మింది. దాన్ని మూయడానికి తొమ్మిది రోజులు పట్టింది.

అప్పటి ఫోటోలు చూసి జనం మురిసిపోయారు. చిమ్మే చమురు సిరికి గుర్తు అనుకున్నారు. బురద గోడను నిలబెట్టిందన్నది నిజమే, కానీ లోపలి ఒత్తిడిని నిలబెట్టలేకపోయింది. ఆ తేడా పట్టించుకోవడానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది.

స్ట్రౌడ్ లెక్క

లూసియానాలోని మన్రో గ్యాస్ క్షేత్రంలో బావులు ఒకదాని తర్వాత ఒకటి పేలుతుండేవి. రిగ్గు ఉన్న చోట గొయ్యి పడేది, గ్యాసు గాలిపాలయ్యేది. రాష్ట్ర ప్రభుత్వంలో ఖనిజాల విభాగం చూస్తున్న బెంజమిన్ స్ట్రౌడ్ 1921 ప్రాంతంలో ఒక సులువైన లెక్క ముందుపెట్టాడు. బావిలో నిండా ఉన్న ద్రవం తన బరువుతో అడుగును నొక్కుతూ ఉంటుంది. ఆ నొక్కుడు రాతిలోని గ్యాసు ఒత్తిడికంటే కాస్త ఎక్కువగా ఉంటే గ్యాసు లోపలే పడి ఉంటుంది. తక్కువైతే బయటికి వస్తుంది. అందుకని ద్రవాన్ని బరువెక్కించాలి.

లెక్క మనమే వేసుకోవచ్చు. పది మీటర్ల నీటి స్తంభం చదరపు సెంటీమీటరు మీద సుమారు ఒక కిలో బరువు మోపుతుంది. మూడు వేల మీటర్ల బావి నిండా నీళ్లుంటే అడుగున 300 కిలోలు. నీటికి 1.2 రెట్లు బరువున్న బురద పోస్తే 360. రాతిలో గ్యాసు 390 కిలోల ఒత్తిడితో ఉందనుకుందాం. అప్పుడు ఆ 360 చాలదు. బురద కనీసం 1.3 రెట్లు ఉండాలి, ఆ పైన కొంత జాగ్రత్త కోసం. మామూలు బంకమట్టి ఎంత కలిపినా ఆ బరువు రాదు. బురద ముద్దకట్టి పంపు లాగలేని స్థితికి వస్తుంది. కొంచెం కలిపితేనే ఎక్కువ బరువు వచ్చే పొడి కావాలి.

స్ట్రౌడ్ ముందు ఇనుప ఖనిజం పొడి వాడి చూశాడు. బరువు వచ్చింది. బరువైన ఖనిజాలు కలిపే పద్ధతికి అతని పేరిట 1926లో పేటెంటు వచ్చింది. వాటిలో చివరికి నిలిచినది బెరైట్, అంటే బేరియం సల్ఫేటు, మన ముగ్గురాయి.

ఎందుకు నిలిచిందంటే కారణాలు ఒకటి కాదు. నీటికి నాలుగు రెట్లు పైన బరువు. అయినా మెత్తటి రాయి కనుక పంపుల్ని, గొట్టాల్ని ఇనుప ఖనిజంలా అరగదీయదు. నీళ్లలో కరగదు, దేనితోనూ అంత తేలిగ్గా కలవదు. ఆస్పత్రిలో కడుపు ఎక్స్‌రేకు ముందు తాగించే తెల్లటి బేరియం ద్రవం ఇదే పదార్థం, ఒంట్లో కరగదు కాబట్టే తాగిస్తారు. పైగా అప్పటికే రంగుల ఫ్యాక్టరీలు దీన్ని పొడిచేసి వాడుతున్నాయి, కాబట్టి సరుకు సిద్ధంగా దొరికింది. రంగుల వ్యాపారంలో ఉన్న నేషనల్ లెడ్ వాళ్లే ‘బరాయిడ్’ పేరుతో చమురు బావులకూ అమ్మడం మొదలుపెట్టారు. బరువైన పొడి అడుగుకు దిగిపోకుండా పట్టి ఉంచడానికి బెంటోనైట్ బంకమట్టిని జతచేశారు. 1930లు వచ్చేసరికి బురద ఒక ప్రత్యేక విద్య అయింది. దానికో ఇంజనీరు, దానికో జీతం.

రెండో కాపలా

స్ట్రౌడ్ బురద గురించి ఆలోచిస్తున్న రోజుల్లోనే టెక్సస్‌లో ఇంకో ఇద్దరు ఇనుము గురించి ఆలోచించారు. జేమ్స్ అబెర్‌క్రోంబీ బావులు తవ్వించేవాడు, బ్లోఅవుట్లు, అంటే బావులు పేలడం, కళ్లారా చూసినవాడు. హ్యారీ కామెరాన్ లేతు పనిలో చెయ్యి తిరిగినవాడు. కామెరాన్ షాపులో రంపపు పొట్టు పరిచిన నేల మీద అబెర్‌క్రోంబీ వేలితో బొమ్మ గీసి చూపించాడని కథ. బావి తల దగ్గర రెండు వైపుల నుంచి రెండు ఉక్కు దిమ్మలు ముందుకు జరిగి గొట్టం చుట్టూ బిగుసుకోవాలి. 1922లో దరఖాస్తు పెడితే 1926 జనవరిలో పేటెంటు చేతికొచ్చింది. బ్లోఅవుట్ ప్రివెంటర్ అలా పుట్టింది. నేటి రిగ్గుల మీద ఒకదాని మీద ఒకటి పేర్చిన ఆ ఉక్కు దిమ్మెలు ఇంటి ఎత్తున ఉంటాయి. బీఓపీ అనే పేరు కోనసీమ పల్లెల్లో కూడా చాలామందికి తెలుసు.

ప్రమాదం జరిగినప్పుడల్లా పేపర్లో కనిపించేది ఈ ఇనుమే. బీఓపీ పనిచేసిందా లేదా అన్నదే ప్రశ్న. కానీ రిగ్గు మీద పనిచేసేవాళ్ల లెక్కలో అది రెండో కాపలా. మొదటి కాపలా బురద. బీఓపీని మూయాల్సి వచ్చిందంటేనే మొదటి కాపలా ఓడిపోయిందని అర్థం. మూసిన తర్వాత కూడా బావిని అదుపులోకి తెచ్చేది బురదే.

ఆ సమయంలో రిగ్గు మీద జరిగేది ఇది. బయటికి వచ్చే బురద లోపలికి పంపినదానికంటే ఎక్కువ కనపడుతుంది, తొట్లలో మట్టం పెరుగుతుంది. లోపల గ్యాసు చొరబడిందన్నమాట. దీన్ని ‘కిక్’ అంటారు. డ్రిల్లర్ పంపులు ఆపి, బీఓపీ మూసి, గొట్టం మీది ఒత్తిడి చదువుతాడు. ఆ అంకె నుంచి ఎంత బరువు బురద కావాలో లెక్క కడతారు. 1.2 నుంచి 1.3కు పెంచాలంటే ఘనమీటరు బురదకు సుమారు 145 కిలోల ముగ్గురాయి పొడి పట్టాలి. రెండు వందల ఘనమీటర్ల బురద ఉంటే 29 టన్నులు, అంటే దాదాపు మూడు లారీల సరుకు. అది అప్పటికప్పుడు రిగ్గు మీద ఉండాలి. నేల మీద బావి అయితే లారీ వస్తుంది. సముద్రంలో అయితే ముందే గోతాల్లోనో గోళాల్లాంటి డబ్బాల్లోనో నిల్వ పెట్టుకోవాలి. ఆ కొత్త బురదను నెమ్మదిగా లోపలికి పంపుతూ, పాతదాన్ని గ్యాసుతో సహా సన్నటి వాల్వు గుండా బయటికి వదులుతారు. గంటల కొద్దీ సాగే పని. తొందరపడితే రాయి పగులుతుంది, ఆలస్యం చేస్తే గ్యాసు పైకొస్తుంది.

ఒక గరాటు, ఒక తక్కెడ

ఇంత పెద్ద వ్యవహారంలో రోజూ వాడే పనిముట్లు చూస్తే ఆశ్చర్యమేస్తుంది. 1931లో హాలన్ మార్ష్ ఒక గరాటును పరిచయం చేశాడు. అడుగు పొడుగు, పైన సగం మూతిని కప్పే జల్లెడ, కింద మూడు పదహారో వంతు అంగుళం రంధ్రం. తొట్టిలోంచి ముంచిన బురదను జల్లెడ మీదుగా, దాని అడుగు తగిలేదాకా నింపి, రంధ్రానికి అడ్డుపెట్టిన వేలు తీసేయాలి. 946 మిల్లీలీటర్లు కిందికి దిగడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడాలి. మంచినీళ్లకు 26 సెకన్లు. బురదకు నలభై, యాభై, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. అంకె నిన్నటికంటే పెరిగితే ఒక అనుమానం, తగ్గితే ఇంకో అనుమానం.

దీని జతగా ఒక తక్కెడ. ఒక కొసన మూతున్న గిన్నె, రెండో వైపు కమ్మీ మీద జరిగే చిన్న బరువు. గిన్నె నిండా బురద పోసి, మూత బిగించి, రంధ్రంలోంచి పొంగినదాన్ని తుడిచేసి, కమ్మీ సమంగా నిలిచేదాకా బరువును జరపాలి. అక్కడ కనిపించే అంకే బురద సాంద్రత. వేల కోట్ల రిగ్గు మీద, కంప్యూటర్ తెరల పక్కనే, ఈ గరాటూ తక్కెడా ఇంకా వాడకంలో ఉన్నాయి. తెర తప్పు చూపినా తక్కెడ అబద్ధం చెప్పదని పాతవాళ్ల ధీమా.

సముద్రంలో సన్నటి దారి

నేల మీద బురద తక్కువైతేనే భయం. సముద్రంలో ఎక్కువైనా భయమే. కారణం ఉంది. అడుగున ఉన్న రాతి మీద మోపే బరువులో పై భాగమంతా రాయి కాదు, నీరు. నీరు రాతికంటే తేలిక. అందుకే లోతు సముద్రపు అడుగు పొరలు బలహీనంగా ఉంటాయి. బురద కొంచెం బరువెక్కితే పొర చీలి బురద అందులోకి ఇంకిపోతుంది. కొంచెం తేలికైతే గ్యాసు చొరబడుతుంది. ఈ రెండింటి మధ్య దారి చాలా సన్నం. అందుకే కొంత తవ్వగానే గోడకు కాపుగా ఉక్కు గొట్టం (కేసింగ్) దించి సిమెంటు పోయడం, మళ్లీ కొంత తవ్వడం, మళ్లీ కేసింగ్.

ఇంకో చిక్కు రైజర్‌ది. తేలే రిగ్గు నుంచి సముద్రపు అడుగున ఉన్న బావి తల దాకా వేలాడే గొట్టం అది. దాని నిండా బురద ఉంటుంది. తుపాను వచ్చి రిగ్గు విడిపోవాల్సి వస్తే ఆ బురద స్తంభం పోయి దాని చోట సముద్రపు నీరు మిగులుతుంది. రెండు వేల మీటర్ల లోతులో 1.2 బురద మోపే బరువు 240 కిలోలు, ఉప్పునీరు మోపేది 206. ఒక్కసారిగా చదరపు సెంటీమీటరుకు 34 కిలోల కాపలా పోయినట్టు. ఇది కాగితం మీది లెక్క మాత్రమే అనుకోనక్కర్లేదు. కాకినాడ తీరానికి సుమారు 60 కిలోమీటర్ల దూరాన, కృష్ణా–గోదావరి బేసిన్‌లోని కేజీ-డీ6 బ్లాకులో, 2020 డిసెంబరులో ఉత్పత్తి మొదలైన ఆర్-క్లస్టర్ క్షేత్రం రెండు వేల మీటర్లకు మించిన నీటి కింద ఉంది. బంగాళాఖాతంలో తుపాన్లకు కొదవ లేదు.

కాకిబంగారం పని

పొర చీలి బురద ఇంకిపోతుంటే ఏం చేయాలి? తొలినాళ్లలో చేతికి దొరికినదల్లా బావిలో పోసేవారు. పత్తిగింజల పొట్టు, రంపపు పొట్టు, గడ్డి. తర్వాత తర్వాత వాల్‌నట్ చిప్పల ముక్కలు, అభ్రకం రేకులు ఆ పనికి స్థిరపడ్డాయి. పల్చటి రేకు పగులు నోటికి అడ్డం పడుతుంది, దాని మీద ఇంకోటి, దాని సందులో బంకమట్టి. పగులు పూడుకుంటుంది. అభ్రకం కుళ్లదు, లోతులో ఉండే వేడికీ చెక్కు చెదరదు.

గూడూరు నుంచి సంగం దాకా కొడవలిలా వంగిన అభ్రకం పట్టీ పాత నెల్లూరు జిల్లా సొత్తు. ఆకుపచ్చ ఛాయ ఉన్న ఇక్కడి కాకిబంగారం వంద ఏళ్ల కిందటే విదేశాలకు పోయింది. అప్పట్లో దాని గిరాకీ వేరు. రేడియో వాల్వుల్లో, మోటార్లలో కరెంటు పారకుండా అడ్డుపెట్టడానికి పెద్ద పెద్ద పలకలు కావాలి. చేత్తో చీల్చి, కత్తిరించి, రకాలు ఏరే పనిలో ఎన్నో కుటుంబాలు బతికాయి. వాల్వుల చోట ట్రాన్సిస్టర్లు వచ్చాయి. ఆ తర్వాత పెద్ద కొనుగోలుదారైన సోవియట్ యూనియన్ 1991లో కుప్పకూలింది. పలకల వ్యాపారం చితికిపోయింది. గనుల పక్కన తుక్కుగా పడి ఉన్న చిన్న రేకుల గుట్టలకు మాత్రం కొత్త విలువ వచ్చింది. మిల్లుల్లో పొడి అయి రంగుల్లోకి, రబ్బరులోకి, చమురు బావుల బురదలోకి పోతున్నది ఆ తుక్కే.

మంగంపేట గుంత

ఒకప్పటి కడప జిల్లా ఓబులవారిపల్లె మండలంలోని మంగంపేటది ఇంకా పెద్ద కథ. పులివెందుల, వేంపల్లె వైపు తెల్లటి ముగ్గురాయి చారలను ఎప్పటినుంచో తవ్వేవారు, రంగులకు వాడేవారు. మంగంపేటలో దొరికినది చార కాదు, పొర. నూట యాభై కోట్ల ఏళ్లకు ముందు అక్కడున్న సముద్రం అడుగున, అగ్నిపర్వతాల పుణ్యమా అని, పేరుకున్న బూడిదరంగు రాతి పడక. ఒకే చోట ఉన్న బెరైట్ నిక్షేపాల్లో ప్రపంచంలోనే అతి పెద్దవాటిలో దీన్ని లెక్కిస్తారు. నిల్వ సుమారు 7.4 కోట్ల టన్నులని జియలాజికల్ సర్వే అంచనా. దాన్ని జాతీయ భూగర్భ వారసత్వ స్థలంగా కూడా గుర్తించారు.

1970ల మధ్య నుంచి రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థ (ఏపీఎండీసీ) అక్కడ తవ్వుతోంది. కాలం కలిసొచ్చింది. 1973 తర్వాత చమురు ధర పెరిగి ప్రపంచమంతా కొత్త బావులు వేస్తోంది, మన దేశంలో బొంబాయి హై మొదలైంది, 1970ల చివర నర్సాపురం దగ్గర ఓఎన్‌జీసీ రిగ్గులు దిగాయి. చమురు పరిశ్రమ ప్రమాణం ప్రకారం పొడి సాంద్రత 4.20 ఉండాలి. మంచి రాయి తరిగిపోతోందని 2010లో 4.10 రకాన్ని కూడా ఒప్పుకున్నారు. దాంతో గని గట్టున పక్కన పడేసిన తక్కువ రకం రాయి మీద కూడా చూపు పడింది. గని పెరిగేకొద్దీ ఆనుకుని ఉన్న ఊళ్లు జరగాల్సి వచ్చింది. దుమ్ము, పేలుళ్ల అదురు, పునరావాసం గొడవలు ఆ ఊళ్ల వాటాకు వచ్చాయి.

ఇక మనుబోలు సంగతి. ఓబులవారిపల్లె నుంచి కృష్ణపట్నానికి గూడ్సు రావాలంటే రేణిగుంట, గూడూరు చుట్టూ తిరిగి, మనుబోలు స్టేషన్ దాటి, వెంకటాచలం దగ్గర తూర్పుకు మళ్లాల్సి వచ్చేది. 2008లో కొత్త రేవు మొదలయ్యాక ఆ చుట్టుదారి భారమనిపించింది. వెలిగొండలను తొలిచి 6.6 కిలోమీటర్ల సొరంగం వేశారు. సుమారు 113 కిలోమీటర్ల ఓబులవారిపల్లె–వెంకటాచలం మార్గాన్ని 2019 సెప్టెంబరు 1న నాటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు జాతికి అంకితం చేశారు. ముగ్గురాయికి ఇప్పుడు మనుబోలు మీదుగా రావాల్సిన పనిలేదు. కొండ కింద నుంచి నేరుగా రేవుకు దారి ఉంది.

పాశర్లపూడి, మకాండో

1995 జనవరి 8న నాటి తూర్పు గోదావరి జిల్లా పాశర్లపూడిలో, 2,700 మీటర్లు దాటిన బావి ఓఎన్‌జీసీ చేయి దాటింది. గ్యాసు మండింది. ఆ మంట వెలుగుకు చుట్టుపక్కల ఊళ్లలో రాత్రి లేకుండా పోయింది. ఆ హోరుకు పక్కవాడి మాట వినపడేది కాదు. జనాన్ని ఖాళీ చేయించారు. కొబ్బరితోటలు మాడాయి. అమెరికా నుంచి మంటలార్పే నిపుణులను రప్పించారు. 65 రోజుల తర్వాత, మార్చి 15న, బావికి మూత పడింది. ప్రాణనష్టం లేకుండా బయటపడటం ఆ రోజుల్లో పెద్ద ఊరట. కోనసీమలో ‘బ్లోఅవుట్’ అప్పటినుంచి తెలుగు మాటే అయిపోయింది.

పదిహేనేళ్లకు, 2010 ఏప్రిల్ 20న, మెక్సికో సింధుశాఖలో మకాండో బావి పేలింది. డీప్‌వాటర్ హొరైజన్ రిగ్గు మునిగింది, పదకొండు మంది చనిపోయారు. బావి తవ్వకం అప్పటికే అయిపోయింది. దాన్ని తాత్కాలికంగా మూసి వెళ్లే పనిలో భాగంగా రైజర్లోని బరువైన బురదను తీసి సముద్రపు నీటిని నింపుతున్నారు. అడుగున పోసిన సిమెంటు పట్టిందో లేదో చూసే ఒత్తిడి పరీక్ష ఫలితాన్ని తప్పుగా అర్థం చేసుకున్నారు. మొదటి కాపలాను తామే తీసేశారు. రెండో కాపలా, ఆ మహా బీఓపీ, సమయానికి బావిని మూయలేకపోయింది. మేలో పైనుంచి బురద దించి ఆపాలని చూస్తే ప్రవాహం దాన్ని వెనక్కి నెట్టింది. జూలైలో మూత బిగించాక, ఆగస్టులో మళ్లీ బురద దించారు. అప్పుడు బావి నిలిచింది.

ఈ చరిత్రలో ఒక సంగతి స్పష్టంగా కనపడుతుంది. కొత్త యంత్రాలన్నీ బురద పనిని సులువు చేశాయి తప్ప దాని స్థానాన్ని తీసుకోలేదు. ఉక్కు దిమ్మె ఎంత బలంగా మూసుకున్నా అది గడువు ఇస్తుందంతే. ఆ గడువులో సరైన బరువు బురద సిద్ధం కావాలి, దాన్ని కలిపే పొడి దగ్గరుండాలి, గరాటు అంకె మారిందని గమనించే మనిషి ఉండాలి, అతని మాట వినే అధికారి ఉండాలి. పాశర్లపూడి అయినా మకాండో అయినా విచారణలో ముందు అడగవలసింది ఇనుము ఎందుకు మూయలేదని కాదు, దాన్ని మూయాల్సిన అవసరం ఎందుకు వచ్చిందని. తమ ఊళ్ల కింద బావులున్న కోనసీమ జనానికి బీఓపీ గురించి ఎంత తెలుసో బురద గురించి కూడా అంత తెలియాలి. ఆ లెక్క పదో తరగతి భౌతికశాస్త్రాన్ని దాటదు.

(సశేషం)

వచ్చే సంచికలో: రవ్వ క్షేత్రం. 1987లో అమలాపురం తీరానికి ఎదురుగా దొరికిన చమురు ఎస్.యానాం దాకా ఎలా వచ్చింది?